చెల్లని వేలు

"మిషన్ బడి బూతు, చెల్లనివి నూటా పద్నాలుగు" అని ఓట్ల లెక్కింపు గదిలో తాసీల్దారు ముక్కుతో చదివిన మాట, కిటికీ దాటేసరికి "చెల్లినవి" అయి కూర్చుంది. తప్పు ముక్కుది కాదు, చెవిది. కిటికీ ఊచలు పట్టుకుని లోపలి కబురు బయటికి మోస్తున్న సర్దార్‌కు ఎడమ చెవి పదేళ్ల కిందట ఒక నాటుబాంబు పేలినప్పుడే దానితోపాటు వెళ్లిపోయింది. మిగిలిన కుడి చెవి గొడుగు గుర్తు మీద నిలబడ్డ ఓబుళరెడ్డికి ఇష్టమైనవి మాత్రమే వినడానికి అలవాటు పడింది. వాడు మెడ వెనక్కి తిప్పి, "మిషన్ బడిలో చెల్లినవి నూటా పద్నాలుగంటప్పా, అన్నీ మన గొడుగుకే" అని జమ్మలమడుగు తాలూకాఫీసు ఆవరణ మొత్తానికీ చాటాడు. అంతే, పొద్దుననగా కట్టి ఉంచిన టపాకాయల సరం అంటుకుంది. బండలపాలెం నుంచి వచ్చినవాళ్లు పలకలు అందుకుని వాయించడం మొదలుపెట్టారు. పులివెందుల నుంచి బామ్మర్ది పంపిన జీపు మీదికి ఓబుళరెడ్డిని ఎక్కించారు, మెడలో మోయలేనంత దండ వేశారు. ఓడిపోయిన మనిషికి అంత పెద్ద దండ ఆ తాలూకాలో అంతకుముందు ఎవరూ వేసి ఉండరు, బతికుండగా అయితే అసలే వేసి ఉండరు.

లోపల గోడవార బెంచీ మీద, గొడుగు గుర్తు తరఫు లెక్కింపు ఏజెంటుగా కూర్చున్న నూర్ అహ్మద్‌కు రెండు చెవులూ బాగానే ఉన్నాయి, అదే అతని ఖర్మ. చెల్లనివి నూటా పద్నాలుగు. నిచ్చెన గుర్తుకు ఆధిక్యం డెబ్బై ఒకటి. నూటా పద్నాలుగులోంచి డెబ్బై ఒకటి తీసేస్తే నలభై మూడు, అంటే ఆ కాగితాలు చెల్లి ఉంటే ఈ దండ నలభై మూడు ఓట్ల నిజం దండ అయ్యేది. తేడా ఇంత సన్నగా ఉంది గనుక అన్ని బూతుల మొత్తాలూ మళ్లీ కూడమన్నాడు తాసీల్దారు. గంట పడుతుందన్నాడు. సంతకాలయ్యేదాకా ఒక్కరూ బయటికి పోవడానికి వీల్లేదని కానిస్టేబులు తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. గంట. రంజాన్ ఉపవాసం, తెల్లవారుజామున తాగిన నీళ్లు తాగినట్టే గుర్తు లేవు, నాలుక అంగిటికి అతుక్కుంది. ఈ తలుపు తెరుచుకుంటే రెడ్డి రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఆ నూటా పద్నాలుగూ ఎవరివి? ఎందుకు చెల్లలేదు? మొదటిదానికి జవాబు మూట మీదే రాసి ఉంది, మిషన్ బడి అంటే బండలపాలెమూ దాని వెనక తురకల వీధీను. రెండోదానికి జవాబు నూర్ అహ్మద్ దగ్గర ఉంది, ఈ గదిలో ఇంకెవరి దగ్గరా లేదు. అది చెబితే తను పోతాడు. చెప్పకపోతే పాలెం పోతుంది. ఎర్ర నాడాతో కట్టిన ఆ మూట తాసీల్దారు మోచేతి పక్కన, పథ్యం మందు పొట్లం లాగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

అవన్నీ వేలిముద్రలు. రబ్బరు ముద్ర కొట్టవలసిన చోట వేలు ఒత్తారు. ఒకటీ అరా కాదు, నూటా పద్నాలుగూ గొడుగు బొమ్మ మీదే, గొడుగు నడినెత్తినే, తడి మసితో. తాసీల్దారు ఒక్కో కాగితం విప్పి ఇద్దరు ఏజెంట్లకూ చూపించి, "ముద్ర లేదు, వేలుంది, చెల్లదు, రైటా?" అని అడుగుతుంటే నూర్ అహ్మదే "రైట్" అన్నాడు, నూటా పద్నాలుగు సార్లు. ఊళ్లో అతని పేరు రైటరు సాయిబు. రిజిస్ట్రారాఫీసు బండరాతి అరుగు మీద ఇరవై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాడు. రైటరు చెప్పిందల్లా రైటే అన్న మాట పుట్టించిందీ అతనే, పుట్టించి ఊరంతా తిప్పి పెద్దచేసిందీ అతనే. అమ్మకం, తాకట్టు, భాగపరిష్కారం, ఏది రాసినా చివర ఒకటే మాట అనేవాడు: "ఏలియ్యి." వాళ్లు వేలు పంచెకో కొంగుకో తుడుచుకుని ఇచ్చేవాళ్లు. అతను ఆ వేలు పట్టుకుని, మసి పూసి, కాగితం మీద అటు నుంచి ఇటు దొర్లించేవాడు. వేలు తీసుకునేటప్పుడు ముఖం చూసే అలవాటు లేదు. ముఖాలు మర్చిపోయేవాడు, వేళ్లు గుర్తుండేవి. ఎన్ని వేల వేళ్లో. అందుకే ఇందాక మూడో కాగితం విప్పగానే వేలిని గుర్తుపట్టాడు. నడుమ అడ్డంగా తెల్లటి గీత, గనిలో బండ జారి చీల్చిన వేలు, పేతురుది. ఆ తర్వాత ఒకటి, రేఖల్లేని నున్నటి మచ్చ, నలభై ఏళ్లు చెనక్కాయలు ఒలిచి ఒలిచి అరిగిపోయిన వేలు, రాములమ్మది. రహస్య బ్యాలెట్ అంటారు దీన్ని. ఏం రహస్యమో. అతనికి అది హాజరు పట్టీలాగా ఉంది, ఒక్కో కాగితమూ లేచి నిలబడి "ఉన్నా సాయిబయ్యా" అంటోంది.

బయట పలకల దెబ్బకు కిటికీ రెక్క అదురుతోంది. ఆ వాయింపులో ముందుండేది పేతురే, గీత పడ్డ వేలితోనే సన్నపుల్ల పట్టుకుంటాడు. తన ఓటు పోయిందని తెలియక దానికే పండగ వాయిస్తున్నాడు. నూర్ అహ్మద్‌కు నవ్వు రాబోయింది. ఇంత గోడు మీద కూడా నవ్వు పుట్టించే తన బుద్ధిని ఒకసారి తిట్టుకున్నాడు, అది మాత్రం తిట్టుకు లొంగే రకం కాదు. ఈ నియోజకవర్గం పుట్టినప్పటి నుంచీ దీన్ని చూసి నవ్వుతూనే ఉన్నాడు మరి. యాభై రెండులో తొలి ఓట్లు. అప్పుడు ముద్రలూ లేవు, గీతలూ లేవు, మనిషికొక పెట్టె, పెట్టె మీద బొమ్మ, నీకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావడమే. రాములమ్మ లోపలికి పోయి రెడ్డి పెట్టెకు దండం పెట్టి, మందార పువ్వొకటి పెట్టి, మనవడికి కాళ్లు రావాలని మొక్కి, మొక్కు సంతోషంలో కాగితం వెయ్యడం మర్చిపోయి తెచ్చుకుంది. ఆ కథ నూర్ అహ్మద్ ఎర్రగుంట్ల రైలు స్టేషను నుంచి ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల దాకా చెప్పాడు. చెప్పిన ప్రతిచోటా పువ్వు ఒక రేకు పెరిగింది, చివరికి గంపెడు పూలయ్యాయి. పాలెంలో తక్కినవాళ్లు కాగితం తీసుకుపోయారు గాని పెట్టె కంతలో తోయలేదు. రెడ్డికిచ్చేది అట్లా తోసేస్తే మర్యాదగా ఉండదని పెట్టె నెత్తిన, పళ్లెంలో తాంబూలం పెట్టినట్టు పెట్టి వచ్చారు. వెనకనే వచ్చిన ఎదుటి పక్షం మనిషి ఆ కాగితాలన్నీ దులిపి తమ పెట్టెలో వేసుకున్నాడు.

రెడ్డి ఓడిపోయాడు. ఆ రాత్రికి కారణం తెలియలేదు, తెల్లారేసరికి కారణం అక్కర్లేకపోయింది. పాలెం అమ్ముడుపోయిందన్నారు. పేతురు అన్న ప్రేమానందం కాలు రోకటిబండ మీద పెట్టించి విరగ్గొట్టారు. బావి మీద ముళ్లకంప వేశారు. నెల తర్వాత పోలింగు గుమాస్తా ఒకడు టీ అంగట్లో నోరు జారి, పెట్టె నెత్తిన పెట్టిన కాగితాల సంగతి బయటపెట్టాడు. ఓబుళరెడ్డి విని కడుపుబ్బ నవ్వి, పొరపాటైందని ప్రేమానందానికి తూమెడు జొన్నలు పంపాడు. జొన్నలు వచ్చాయి, కాలు మాత్రం తిరిగి రాలేదు. "పాదం పోయినా పదం నిలబెట్టుకున్నాడు మా ప్రేమానందం" అని నూర్ అహ్మద్ ఒక మాట కట్టాడు, చర్చిలో పదాలు పాడతాడని. అందరూ నవ్వారు. ప్రేమానందం కూడా నవ్వాడు, కర్ర మీద ఆనుకుని, నవ్వకపోతే ఇంకో కాలికి ఏమొస్తుందోనని. ఆ నవ్వు ఇప్పుడు, పదేళ్ల తర్వాత, ఈ గదిలో, గొంతు ఎండిపోయిన ఈ వేళ ఎందుకు కనిపించాలి? మనిషి కనిపించలేదు, నవ్వు ఒక్కటే కనిపించింది, పై పళ్లు రెండు లేని నవ్వు.

ఆ తొలి జాబితా రాసుకోవడానికి సర్కారు మనిషి వీధికి వచ్చినప్పుడు, ఇంట్లో ఆడవాళ్ల పేరేమిటని అడిగాడు. పరాయి మగవాడి ముందు భార్య పేరు ఎట్లా ఎత్తడం? "నూర్ అహ్మద్ భార్య అని రాసుకో సామీ, ఆమెకు అంతకంటే పెద్ద పేరు ల్యా" అన్నాడు తను. ఆ నవ్వు కూడా బాగానే పండింది. సొంత పేరు లేదని ఆ వరసను మద్రాసులో ఎర్ర సిరాతో కొట్టేశారు. యాభై ఐదుకు ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు వచ్చింది, మళ్లీ ఓట్లు వచ్చాయి, ఈసారి జాబితాలో ఆమె పేరూ మైమూన్ అని వచ్చింది. ఏం లాభం. ఆ ఏడు గొడుగు వాళ్లు కొత్త తెలివి కనిపెట్టారు. ఓటరు లోపలికి పోయి కాగితం పెట్టెలో వెయ్యకుండా నడుముకో తలపాగాలోనో దోపుకుని బయటికి తెచ్చి ఇచ్చేది, చివరగా పోయే నమ్మకస్తుడు కట్ట మొత్తం రెడ్డి పెట్టెలో వేసేది. కాగితాలు పోగుచేసింది నూర్ అహ్మదే, బడి వెనక చింతమొద్దు మీద కూర్చుని, కాగితానికొక పొగాకు కాడ చొప్పున. మైమూన్ బురఖాలోంచి చెయ్యి చాపి తన కాగితం కూడా అతని చేతిలోనే పెట్టింది. పెట్టే ముందు ఒక క్షణం వదల్లేదు. ఆ క్షణం సంగతి అతను ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, నవ్వొచ్చే సంగతి కాదు గనుక. పొగాకు కాడ మాత్రం ఇవ్వబోతే, "నాకెందుకు, మీరే నమలండి" అంది వాళ్ల ఉర్దూ మాటలో.

రెడ్డి గెలిచాడు. గెలిచిన వారానికి, ఆ కాగితాల వ్యవహారం మీద అర్జీ పెడతానన్న ఎదుటి పక్షం ఏజెంటు ఒకడు చాపాడు ఊరి దారిలో దొరికాడు. అర్జీ రాయబోయిన చూపుడు వేలు లేకుండా తిరిగొచ్చాడు. గడ్డి కోసే మిషన్‌లో చెయ్యి పెట్టి పోగొట్టుకున్నానని వాడి చేత ఒప్పుకోలు కాగితం రాయించారు, రాసింది రైటరు సాయిబు. రాసి, అలవాటు కొద్దీ, "ఏలియ్యి" అన్నాడు. ఆ మాటకు రెడ్డి మొదలుపెట్టిన నవ్వు జీపు దాకా సాగింది. దాన్ని తాను కావాలని అన్లేదు. అల్లాకు తెలుసు. అన్లేదు గాని, ఆ తర్వాత ఎక్కడ చెప్పినా కావాలనే అన్నట్టు చెప్పాడు. ఎడమ చేతితో ముద్ర వేసేటప్పుడు ఆ మనిషి వేలు ఎంత చల్లగా ఉందో, అది మాత్రం కథలో చేర్చలేదు.

తక్కెడలో వేసినట్టు గుమాస్తాలు అంకెలు మళ్లీ మళ్లీ వేస్తున్నారు. ఒకడు పైకి చదువుతాడు, ఒకడు రాస్తాడు, ఫాను తిరగదు. ఐదేళ్లకని పంపిన రెడ్డి ఏడేళ్లున్నాడు, మధ్యలో రాష్ట్రం పెద్దదై రాజధాని హైదరాబాదుకు పోయి, యాభై ఏడులో అటు తెలంగాణా వైపు మాత్రమే ఓట్లు పెట్టి, మన ఎమ్మెల్యేలను అట్లే అరవై రెండు దాకా మాగబెట్టారు. ఏడేళ్లలో రెడ్డి ఎర్రగుంట్లలో రైలెక్కాడు, దిగాడు, ఎక్కాడు. బండలపాలెం బావి మీద ముళ్లకంప తీశారు, అదే అభివృద్ధి. ఇప్పుడు మళ్లీ పెట్టెలు పోయాయి, ఒకే కాగితం మీద అందరి బొమ్మలూ ఉంటాయి, ముద్ర నీవే కొట్టాలి అన్నారు. రెడ్డి పిలిచి, "పాలెమోళ్లకూ మీ వీధోళ్లకూ నువ్వు పాఠం చెప్పాల సాయిబూ, ఈ తూరి తప్పు పోగూడదు" అన్నాడు. రంజాన్‌కు ముందరి ఆఖరి ఆదివారం, ప్రార్థన ముగించుకుని అందరూ బడి ముందర కూర్చున్నారు, తురకల వీధి ఆడవాళ్లు వరండాలో వెదురు చిక్కు తెర చాటున. ప్రొద్దుటూరులో మధ్యాహ్నం పెళ్లి విందు ఉంది, నెల రోజుల ఉపవాసానికి ముందు ఆఖరి బిరియానీ, బస్సు పన్నెండుకు. నమూనా ముద్ర తాలూకాఫీసులో ఇస్తామన్నారు, పోయి తెచ్చుకోవడానికి బద్ధకించాడు. గొడుగు బొమ్మ ఒక్కటి పట్టుకుని ఏడేళ్ల నాటి జోకులు రెండు పేల్చాడు, అవి ఇంకా పేలాయి. లేవబోతుంటే రాములమ్మ నిలబడింది.

"సాయిబయ్యా, ఏలికి మసి పూస్తారంట గదా, అదెందుకు?"

కొత్తరకం సిరా, రెండోసారి రాకుండా గుర్తు పెట్టడానికి అని చెప్పాలి. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల్లో నవ్వు లేదు. "ఎందుకేందే, కంటికి కాటుక పెట్టుకోను. మసి పూసినాక నా తావున ఏం చేస్తావో ఆడా అదే చెయ్యి. గొడుగు మీద ఒత్తి రా" అన్నాడు. బడి బడంతా నవ్వింది. రాములమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మీదే అతను లేచి చెప్పులేసుకున్నాడు, నవ్వు ఆరకముందే బస్సెక్కాలని. చిక్కు తెర వెనక మైమూన్ ఉందని తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. బిరియానీ బాగుంది. ఇప్పుడు ఆ బిరియానీ గుర్తుకొస్తే గొంతులోకి ఏలకుల వాసన కాదు, మసి వాసన వస్తోంది.

వాళ్లు గదిలోకి పోయినప్పుడు బల్ల మీద ముద్ర ఉండే ఉంటుంది, మసి దిమ్మె ఉండే ఉంటుంది. ముద్ర చూశారు. ముట్టుకోలేదు. ఎట్లా ముట్టుకుంటారు? ఇరవై ఏళ్లుగా వాళ్లకు నేర్పింది తను. రిజిస్ట్రారాఫీసులో ముద్ర దొరది, వేలు మనది. దొర ముద్ర వైపు చెయ్యి చాపిన పిల్లోడి చెంప పగలగొట్టి, "అది సర్కారు ముద్ర, ముడితే జైలు" అని అరిచింది తను. అందుకే నూటా పద్నాలుగు మందీ ఒకరి తర్వాత ఒకరు ఆ ముద్రను భద్రంగా దొరకు వదిలేసి, తమ వేలు తాము ఒత్తి, మడిచి, పెట్టెలో వేసి, దండం పెట్టి వచ్చారు. పోలింగు నాటి సాయంత్రం రోజా ఉపవాసం విడిచే వేళ మైమూన్ ఖర్జూరం పళ్లెం ముందు పెట్టి, నల్లటి మచ్చ ఆరిన వేలు చూపించింది. సూదిపోట్ల వేలు అది, రవికెలు కుట్టే వేలు. "మీరు చెప్పినట్టే ఒత్తినా" అంది. గొడుగుకే వేసిందనుకున్నాడు. ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు. ఇందాక అరవైయ్యో అరవై రెండో కాగితం మీద సన్నటి పోట్లు, జల్లెడలాగా, తెల్లతెల్లగా. యాభై రెండులో పేరు లేదు, యాభై ఐదులో పేరుంది కాగితం తను లాక్కున్నాడు, అరవై రెండులో పేరూ ఉంది కాగితమూ ఉంది, పదేళ్లకు ఆమె సర్కారు ముందు సొంతంగా పెట్టిన ఒకే ఒక్క గుర్తు. "చెల్లదు, రైటా?" "రైట్."

మొత్తాలు మారలేదు. డెబ్బై ఒకటి డెబ్బై ఒకటిగానే నిలబడింది. సంతకం పెట్టమని కాగితం జరిపారు, పెట్టాడు, వేలు కాదు సంతకమే, తోకతో సహా. ఏం చెప్పాలి? నిచ్చెన వాళ్లు నేర్పించారని చెప్పొచ్చు, చెబితే ప్రేమానందం రెండో కాలు. ఎవరివో తెలియదని చెప్పొచ్చు, మూట మీద రాసే ఉంది. నేనే అని చెప్పొచ్చు. చెప్పొచ్చా? గడ్డి కోసే మిషన్ రెడ్డి కొట్టంలో ఇంకా ఉంది, తోముతారు, నూనె వేస్తారు. లేదా, అని అతని బుద్ధి గుసగుసలాడింది, ఎప్పటిలాగే చెప్పొచ్చు. కథలాగా. ఎవరూ నేర్పలేదు, వాళ్లు ఎర్రోళ్లు, తెలివితక్కువోళ్లు, అంతే. మోసగాళ్లని కొడతారు గాని ఎర్రోళ్లను చూసి నవ్వుతారు. నవ్వితే పాలెం బతుకుతుంది, తనూ బతుకుతాడు. ఎంత సులువు. గంటసేపు ఇంత కష్టపడ్డందుకు సిగ్గేసింది.

కానిస్టేబులు తలుపు తీశాడు. తాసీల్దారు మెట్ల మీదికి వచ్చి పలకలు ఆపమని చెయ్యి ఊపి, నిచ్చెన గుర్తు డెబ్బై ఒక్క ఓట్లతో గెలిచిందని చదివాడు. ఎవరికీ అర్థం కాలేదు. "నూటా పద్నాలుగు చెల్లినాయి గదా సార్" అన్నాడు సర్దార్. "చెల్లినవి కాదయ్యా, చెల్లనివి. పనికిరానివి. వేలిముద్రలు వేశారు" అని ఆయన మూట పైకెత్తి అందరికీ చూపించాడు. సర్దార్ కుడి చెవి కూడా మూసుకున్నాడు. టపాకాయల పొగలోంచి ఓబుళరెడ్డి దిగివచ్చాడు, దండ తియ్యలేదు, తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పై కాగితం ఒకటి దగ్గరగా చూశాడు.

"ఒగడు తప్పు జేస్తే తప్పు" అన్నాడు నెమ్మదిగా. "నూటా పద్నాలుగు మంది ఒగే తప్పు జేస్తే అది పాఠం. ఈ పాఠం జెప్పిన అయివారెవురు?"

పలకలు పట్టుకున్న పాలెం మనుషుల చుట్టూ జీపు మనుషులు అప్పటికే కంచెలాగా చేరారు.

"అయివారెవురూ ల్యాడు రెడ్డీ" అన్నాడు నూర్ అహ్మద్. గొంతు ఎండిపోయినా మాట జారుడుగానే వచ్చింది. "అయివారుంటే ఇంత అన్నాయమైతాదా? పాలెమోళ్ల తెలివి నీకు తెలీందా. ముద్ర ఎదురుంగా పెట్టుకోని, ఇదేందో దొరగారు మర్సిపోయి పోయినారే పాపం అని పక్కన బెట్టినారంట." ముద్రను రెండు వేళ్లతో ఎత్తి కళ్లకద్దుకుని పక్కన పెట్టే రాములమ్మను చేసి చూపించాడు. వంగిన నడుముతో సహా. ఎవరో కిసుక్కుమన్నారు. వేలు గొడుగు మీద పెట్టి, చాలదేమోనని మోకాలు కూడా ఎత్తి ఒత్తే పేతురును చేశాడు. "గొడుగుకు చిల్లు పడేటట్టు ఒత్తినారు రెడ్డీ, వానంతా నీ మీద కురిసె." కానిస్టేబులు నవ్వాడు. తాసీల్దారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. జీపు మనుషులు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే కంచె వదులైంది. చివరికి ఓబుళరెడ్డి భుజాలు అదిరాయి, దండలోంచి బంతిరేకలు రాలాయి. "ఎర్రనాయాండ్లు" అన్నాడు, కళ్లు తుడుచుకుని. "పెట్టె నెత్తిన పెట్టిన నాడు గూడా ఇంతే." అయిపోయింది. గండం గడిచింది.

అప్పుడు పలక మెడలోంచి తీసి పేతురు రెండడుగులు ముందుకు వచ్చాడు. కోపం లేదు వాడి ముఖంలో. పదేళ్ల కిందట తన అన్నకు తూమెడు జొన్నలు మోసుకొచ్చిన ముఖమే అది, ఎర్రోళ్లన్న మాట ఒకటే గుచ్చుకున్నట్టుంది, దాన్ని సరిచేసి పోదామని వచ్చాడు.

"అట్ల గాదు రెడ్డెప్పా. తెలీక చెయ్యల్యా మేము. అడిగే చేసినాం. మసి ఎందుకని మా రాములమ్మత్త బడికాడ అడిగె, అందురూ ఇన్యారు. నా తావున ఏం చేస్తావో ఆడా అదే చెయ్యి, గొడుగు మీద ఒత్తి రా అని సాయిబయ్యే చెప్పె. రైటరు చెప్పినాక ఇంగ తప్పెట్ల అయితాది? ఒగరు గూడా మాట తప్పల్యా. వాండ్ల ఇంటి ఆడమనిషి గూడా అట్లనే ఒత్తింది, కావాలంటే అడుగుండ్రి." గీత పడ్డ వేలు అందరికీ కనిపించేటట్టు పైకెత్తి చూపించాడు, నల్లగా, సాక్ష్యం చెప్పేటట్టు. వెనక పాలెం వాళ్లు కూడా, అడగకుండానే, ఒక్కొక్కరే వేళ్లెత్తారు.

నవ్వు ఆగింది. ఇప్పుడు అందరికీ అర్థమైంది, చెవిటి సర్దార్‌కు కూడా. ఓబుళరెడ్డి దండ తీసి పక్కనున్నవాడి చేతికిచ్చాడు. నూర్ అహ్మద్ దగ్గరికి వచ్చి, కోపం ఇసుమంతైనా లేకుండా, ఏదో పాత స్నేహితుణ్ణి పరామర్శించినట్టు అతని కుడిచేతి వైపు చూశాడు.

"ఏ ఏలితో పట్టుకుంటావు సాయిబూ కలము?"

జీపు ఎవరో స్టార్టు చేశారు.

"ఏలియ్యి" అన్నాడు రెడ్డి.

ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు, ఆ మాట వినగానే మనుషులు ఏం చేస్తారో. నూర్ అహ్మద్ కుడిచేతి చూపుడు వేలు షేర్వాణీ అంచుకు రెండుసార్లు శుభ్రంగా తుడుచుకుని, ముందుకు చాపాడు.